చెయ్యి అందేంత ఎత్తు

పడవ అమ్మేస్తున్న సంగతి నాకు మా ఆయన చెప్పలేదు. కొనబోయే మనిషి చెప్పాడు, ఫోన్లో. "మీవారితో అన్నీ మాట్లాడుకున్నామండీ. వచ్చేనెల మొదటి ఆదివారం వచ్చి చూసుకుంటాను" అన్నాడు మర్యాదగా. నేనూ మర్యాదగానే సరేనండీ అని పెట్టేశాను. ఆ తర్వాత ఇంట్లో మర్యాద ఎంతసేపు నిలిచిందో అడక్కండి.

"ఇరవై రెండేళ్ళుగా ఇద్దరం నడుపుతున్న పడవ. నాతో ఒక్క మాట అనాలనిపించలేదా మీకు?" అన్నాను.

ఆయన పై అరలో ఉన్న గ్లాసు కోసం కుడిచెయ్యి ఎత్తబోయి, భుజం దగ్గరే ఆగిపోయి, ఎడంచేత్తో అందుకున్నారు. "చూశావుగా. ఈ చేత్తో తెరచాప ఎవరెత్తుతారు?" అన్నారు.

నా కోపం సగానికి దిగింది. మిగతా సగం దాచుకున్నాను, పనికొస్తుందని.

ఆ భుజం సంగతి చెప్పాలి. కిందటి వానాకాలంలో, ఒడ్డుకి ఇంకా గంట దూరంలో ఉండగా ఉన్నట్టుండి ఈదురుగాలి లేచింది. పెద్ద తెరచాప దించాలి. దాని అంచున వరసగా ప్లాస్టిక్ బిళ్ళలుంటాయి. అవి స్తంభం వెనకున్న గాడిలో పైకీ కిందకీ జారాలి. ఎండకీ ఉప్పుకీ మొండికేసిన ఆ బిళ్ళలు సగంలో ఇరుక్కున్నాయి. నేను వెనక చుక్కాని వదలడానికి లేదు. ఆయన స్తంభం దగ్గర నిలబడి, ఒళ్ళంతా బరువు వేసి గుడ్డని లాగారు. తెరచాప దిగింది. భుజంలో కండరం తెగింది. ఆపరేషన్ చేసిన డాక్టరు ఒకటే మాట చెప్పాడు, ఆ చెయ్యి ఇక భుజం దాటి పైకి లేవకూడదని.

"ఇకనుంచి నేనెత్తుతాను" అన్నాను ఆసుపత్రిలోనే.

"నీకందదే, బుడంకాయా" అన్నారు నవ్వుతూ.

నేను నాలుగడుగుల తొమ్మిదంగుళాలు. ఆయన గుమ్మాలకి తల వంచే మనిషి. పెళ్ళైన కొత్తలో పెట్టిన ఆ పేరుకి ఎప్పుడూ నవ్వేదాన్నే. ఆ రోజు మాత్రం నవ్వు రాలేదు.

ఇంతకీ నాకు ఆ పడవ మీద అంత పట్టుదల దేనికంటే, నేను పళ్ళ ల్యాబులో పనిచేస్తాను. కట్టుడుపళ్ళు, పన్ను తొడుగులు. వారంలో ఆరు రోజులు ఊరందరి దవడల అచ్చులూ నా బల్లమీద నోళ్ళు తెరుచుకుని కూర్చుంటాయి. నోళ్ళు లేని చోటు నాకు తెలిసి సముద్రం ఒక్కటే. మా ఆయన కూడా అక్కడ తక్కువ మాట్లాడతారు. ఆ ఆదివారాలు పోతే నేనేమైపోతానో అని నాకు నిజంగానే భయమేసింది.

రెండు రోజులు అలిగాక ఒక ఒప్పందానికొచ్చాం. తెరచాప నేనొక్కదాన్నే ఎత్తి, నేనొక్కదాన్నే దించగలిగితే పడవ ఉంటుంది. లేకపోతే ఆ ఆదివారం ఆ మనిషి వచ్చి తీసుకుపోతాడు. చేతిలో ఇరవై ఆరు రోజులున్నాయి.

రేవులో పడవ స్తంభాల పని చేసే మేస్త్రి ఒకాయన ఉన్నాడు. చెవి వెనక పెన్సిలు, కింది దవడలో ఎడమవైపు ఒక పన్ను ఖాళీ. మనిషిని చూసేటప్పుడు ముందు పళ్ళు చూడటం నాకున్న జబ్బు. తెరచాప సులువుగా జారాలంటే గాడిలో రైలుపట్టాలాంటి కొత్త పట్టా వేయాలని, రకరకాలున్నాయని చెప్పి, ముందు గాడి కొలత తెమ్మన్నాడు. మా ఆయన ఫిజిక్సు మాస్టారు. స్కేలు పెట్టి కొలిచి, దశాంశాలతో సహా కాగితం మీద రాసిచ్చారు.

మేస్త్రి కాగితం చూసి తల గోక్కున్నాడు. "ఇది గాడి నోరు సారూ. లోపల ఇంకా వెడల్పుంటుంది. అది తెలీకుండా ఏ పట్టా తెప్పించినా పట్టదు."

"లోపలికి స్కేలెలా పోతుందయ్యా?"

"అదే కదా తంటా."

నోరు చిన్నది, లోపల పెద్దది. ఇలాంటివాటితోనేగా నా బతుకు! మర్నాడు ల్యాబునుంచి అచ్చు తీసే ముద్ద తీసుకెళ్ళి, పిసికి, గాడి అడుగుభాగంలో కుక్కి, ఐదు నిమిషాలాగి లాగాను. రబ్బరులా సాగి బయటికొచ్చి మళ్ళీ తన ఆకారం తను తెచ్చుకుంది. మేస్త్రి దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఈ పనిలో ముప్పై ఏళ్ళున్నాను. ఇంత శుభ్రమైన కొలత ఎవరూ తేలేదమ్మా" అన్నాడు. మా ఆయన దశాంశాల కాగితం మెల్లగా జేబులో పెట్టుకున్నారు.

వారం తర్వాత మేస్త్రి సంచీలో రెండు రకాల ముక్కలు వేసుకుని పడవ మీదికొచ్చాడు. ఒకటి, పాత బిళ్ళల బదులు బేరింగు గోళీల మీద నడిచే బుల్లి బండ్లు. రెండోది నున్నటి ప్లాస్టిక్ పట్టీ, దానిమీద జారే పొట్టి బిళ్ళలు. మా ఆయన బేరింగు బండిని వేలితో ఒక తోపు తోశారు. అది పట్టా ఈ చివరినుంచి ఆ చివరికి చప్పుడు లేకుండా పోయింది. ఆయన మొహం వెలిగిపోయింది.

"ఇదే! దీనికి బలమే అక్కర్లేదు."

ఖరీదైనది కూడా అదే. సరేనంటే మేస్త్రికే లాభం. కానీ అతను సరేననలేదు. "స్తంభం దగ్గరికి వెళ్ళేదెవరు?" అని అడిగాడు.

మా ఆయన నా వైపు వేలు చూపించారు.

"అమ్మా, మీరిలా రండి" అన్నాడు మేస్త్రి. వెళ్ళి పడవగది కప్పుమీద స్తంభానికి ఆనుకుని నిలబడ్డాను. "చెయ్యెత్తండి. మునివేళ్ళమీద లేవకూడదు. మడమలు ఆన్చండి." చెవి వెనకనుంచి పెన్సిలు తీసి, నా వేలికొస దగ్గర స్తంభం మీద ఒక గీత గీశాడు. ఇరవై రెండేళ్ళలో ఆ పడవ మీద ఎవరైనా నన్ను కొలవడం అదే మొదలు.

తర్వాత టేపు పట్టాడు. తెరచాప దించాక బండ్లన్నీ ఒకదానిమీదొకటి దొంతరగా కూర్చుంటాయట. ఆ దొంతర పైనుండే తెరచాప కొసకి, దాన్నెత్తే తాడు కొక్కెం తగిలించాలన్నా, తీయాలన్నా, చెయ్యి ఆ దొంతర మీదికి అందాలి. బేరింగు బండ్ల దొంతర నా గీతకి జానెడు పైకి పోయింది. పొట్టి బిళ్ళల దొంతర నాలుగు వేళ్ళు కిందే ఆగింది.

"జారుడులో ఇది ఒక పిసరు తక్కువే. కానీ అమ్మగారు లాగగలరు. అందని కొక్కేన్ని మాత్రం ఎవరూ లాగలేరు" అన్నాడు.

"ఒక మెట్టు బిగిస్తే?" అన్నారు మా ఆయన, ఆశ చావక.

"అల ఊపుతుంటే ఆవిణ్ణి ఒంటికాలి మీద నిలబెడతారా సారూ?"

మా ఆయన ఆ గీత దగ్గరికొచ్చి నిలబడి చూశారు. ఆయన నుదుటి దగ్గరుంది అది. "ఆవిడ చేతికి అందేదే వెయ్యండి" అన్నారు చివరికి. నాకు ఇద్దరికీ దణ్ణం పెట్టాలనిపించింది. నీకందదు అనేవాళ్ళనే చూశాను గానీ, నీకు ఎంతవరకు అందుతుందమ్మా అని అడిగినవాళ్ళు అంతకుముందు లేరు.

గడువుకి ముందురోజు, శనివారం పొద్దున్నే, బిగించిన కొత్త పట్టాతో పరీక్ష. గాలి ఓ మోస్తరుగా ఉంది. ఆయన ఎడంచేత్తో చుక్కాని పట్టుకుని కూర్చున్నారు. నేను కొక్కెం తగిలించి తాడు లాగడం మొదలుపెట్టాను. తెరచాప బారెడు లేచి, టక్కున ఆగిపోయింది. మళ్ళీ లాగాను. కదల్లేదు. రేపొచ్చే మనిషి మర్యాదైన గొంతు చెవిలో వినిపించింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఆయన సగం లేచారు. వచ్చి లాగేస్తారనుకున్నాను. రాలేదు, మళ్ళీ కూర్చున్నారు. "ఏమోయ్, కింద కట్టు విప్పావా?" అని అరిచారు.

విప్పలేదు! తెరచాపని కింది అడ్డదూలానికి కట్టిన కట్టు ఒకటి అలాగే ఉంది. గొప్పదాన్ని. విప్పి లాగితే తెరచాప కొసదాకా వెళ్ళింది. చివరి రెండు బారలకీ చేతులు మండాయి గానీ, వెళ్ళింది. ఒక గంట తిరిగొచ్చాక తాడు వదిలాను. గలగలమంటూ, ఐదు లెక్కపెట్టేలోపు మొత్తం నా కాళ్ళ దగ్గరికి దిగింది. మడమలు ఆన్చి, చెయ్యెత్తి, కొక్కెం తీశాను.

వెనక్కి తిరిగేసరికి ఆయన ఫోన్లో ఉన్నారు. "క్షమించండి, అమ్మడం లేదు. మా ఆవిడ నడుపుతుంది" అంటున్నారు. నడుపుతుందట! ఆ ఒక్క మాటకి, దాచుకున్న సగం కోపం కూడా వదిలేశాను.

మేస్త్రిని ల్యాబుకి రప్పించి, ఆ ఖాళీలో పన్ను నేనే చేసి పెట్టించాను. వద్దు వద్దంటూనే వచ్చి, అద్దంలో చూసుకుని, ఎప్పుడూ లేనిది పెద్దగా నవ్వాడు.

తర్వాత నెలలో పది రోజులు ఏకధాటిగా వాన. తెరిపిచ్చిన ఆదివారం పడవ ఎక్కుతూ, గీత చెరిగిపోయుంటుందని బెంగ పెట్టుకున్నాను. చెరగలేదు. దగ్గరికెళ్ళి చూస్తే దానిమీద నిగనిగలాడుతూ ఏదో పూత. నా గోళ్ళకి వేసుకునే రంగులేని పాలిష్. సీసా సగం ఎందుకు ఖాళీ అయిందా అని నేను ఇంట్లో పనిమనిషిని అనుమానిస్తున్నాను.

"ఎవరు పూశారండీ ఇది?" అన్నాను.

"నాకేం తెలుసు" అన్నారు ఆయన చుక్కాని దగ్గర, అటు తిరిగి.

పూత వంకరటింకరగా ఉంది, ఎడంచేత్తో పూసినట్టు. కొక్కెం తగిలించి తాడు అందుకున్నాను.