పడిపోయిందని రాయకండి

అచ్చిబాబు ఇనప పైపుతో మహాలక్ష్మమ్మ దవడ విరగ్గొట్టినప్పుడు మేం నలభైమందిమి చెరువు గట్టు మీదే ఉన్నాం. దాచడానికేం లేదు. చూశాం. చూసి, తలలు దించుకుని చచ్చిన రొయ్యల్ని ఏరుతూనే ఉన్నాం.

అది తొంభై ఆరో సంవత్సరం. తెగులు తగిలి రొయ్యలన్నీ తేలిపోయాయి. చెరువు యజమాని అచ్చిబాబు తూము ఎత్తి ఆ కుళ్లునీళ్లను కాలవలోకి వదిలాడు. మా పేట తాగేది ఆ కాలవ నీళ్లే. మహాలక్ష్మమ్మ దిగి తూముకి మట్టి అడ్డం వేసింది.

"మా పిల్లలు తాగే నీళ్లండి ఇవి" అంది. దానికే కొట్టాడు, ఎడమ చెంప మీద.

"కాలు జారి పడింది. అందరూ చూశారుగా?" అన్నాడు మావైపు తిరిగి.

ఒక్కరమూ నోరు విప్పలేదు. ఇది చెబుతుంటే ఇప్పటికీ నామీద నాకే రోత.

మండలం ఆసుపత్రిలో డాక్టరు ఆమెను ముట్టుకోలేదు. ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని "వాపే. బిళ్లలు వేసుకో" అన్నాడు. చీటీ మీద 'జారి పడుటవలన స్వల్ప గాయము' అని రాశాడు. అచ్చిబాబు జీపు బయట ఆగే ఉంది.

మూడో రోజుకీ ఆమె నోరు మూతపడలేదు. నెత్తురు కలిసిన చొంగ మెడ మీదుగా రవికలోకి కారుతుంటే ఈగలు ముసిరేవి. ఆమె తోటికోడలు నాగదుర్గ వేలితో పళ్లు తడిమి చూసింది.

"పైపళ్లకీ కిందపళ్లకీ పొంతన లేదు. ఇది వాపేంటి, ఆడి మొహం! పదండి రాజమండ్రి."

అక్కడ పావని అనే పళ్ల డాక్టరమ్మ ఎక్స్‌రే ఫిల్మును కిటికీ వెలుగులో పట్టుకుని మాకందరికీ చూపించింది.

"కింది దవడ గుర్రపు లాడంలా వంపు తిరిగిన ఎముక. ఒక పక్క గట్టిగా కొడితే రెండో పక్క కూడా విరగొచ్చు. ఎడమవైపు ఇక్కడ, కుడివైపు చెవి దగ్గర ఇక్కడ. కింది పెదవి తిమ్మిరిగా ఉందామ్మా?"

మహాలక్ష్మమ్మ తలూపింది.

"జారిపడినా ఇలా అవుద్దాండీ?" అడిగింది నాగదుర్గ.

"అవ్వచ్చు. కానీ అలా పడితే గడ్డం చీరుకుపోవాలి కదా? గడ్డం మీద గీత కూడా లేదు. చెంప మీద పైపు అచ్చు ఉంది."

పైపళ్లనీ కిందపళ్లనీ సన్నటి తీగలతో కలిపి బిగించింది. ఆరు వారాలు నోరు తెరవకూడదు. గంజీ పాలూ స్ట్రాతో పీల్చాలి. నాగదుర్గ చేతికి ఒక కటింగ్ ప్లేయర్ ఇచ్చింది.

"వాంతి వస్తే ఊపిరాడదు. వెంటనే తీగలు తెంపెయ్యాలి. క్షణం కూడా ఒంటరిగా వదలొద్దు."

తర్వాత కాగితం మీద 'తీవ్ర గాయం' అని రాసి సంతకం పెట్టింది. "ఎముక విరిగితే చట్టం ప్రకారం ఇదే. పడిపోయిందని ఎవరు రాసినా ఊరుకోకండి."

ఒంటరిగా వదలొద్దన్న మాటే మమ్మల్ని ఒక్కచోట చేర్చింది. పేటంతా వంతులు వేసుకుని ఆమె పక్కన కూర్చున్నాం. కూర్చున్నవాళ్లం మాట్లాడుకున్నాం.

"కేసు పెడితే రేపట్నించి పనిలోకి రానిస్తాడా?" అన్నాడు మాతోపాటు రొయ్యలు ఏరిన బుల్లియ్య.

"రానీకపోతే ఆడి కుళ్లు ఆడే ఏరుకుంటాడు" అంది నాగదుర్గ. "తాగే నీళ్లల్లో ఆడి కుళ్లు, మన నోట్లో ఆడి అబద్ధం. కడుపులో తిప్పట్లేదా బావా నీకు?"

బుల్లియ్య మహాలక్ష్మమ్మ మీద ఈగల్ని తోలుతూ కూర్చున్నాడు.

పదో రోజున పేట మొత్తం పోలీస్ స్టేషన్‌కి నడిచాం. ఎస్సై నవ్వాడు.

"దెబ్బతిన్న మనిషే నోటితో చెప్పాలి."

మహాలక్ష్మమ్మ పెదవులు విడదీసి తీగలు చూపించింది. చీము వాసన కొట్టింది. ఎస్సై మొహం తిప్పేసుకున్నాడు.

"నేను చెప్తానండి" అంటూ బుల్లియ్య ముందుకొచ్చాడు. "అచ్చిబాబే కొట్టేడు. కళ్లారా చూశాను. నా పేరు రాసుకోండి."

"నా పేరూ రాయండి!"

"నాదీ!"

"గుంపు కట్టి స్టేషన్ మీదకొస్తారా?" అని ఎస్సై లాఠీ అందుకున్నాడు. నాగదుర్గనీ బుల్లియ్యనీ లాక్కెళ్లి జీపెక్కించారు. ఎక్కేముందు నాగదుర్గ తీగలు తెంపే ప్లేయర్ నా చేతిలో పెట్టింది.

మేం రోడ్డుకి అడ్డంగా కూర్చున్నాం. వచ్చిన బస్సు ఆగిపోయింది. అందులోంచి ఒక నడివయసు మనిషి దిగి, సంగతేంటని అడిగి, చివరిదాకా విన్నాడు. పేరు జీవరాజన్నాడు. మోచేతి కింద ఎముక వంకరగా అతుక్కుని ఉంది.

"మూడేళ్లయిందండి. మా ఊరి చెరువాయన విరగ్గొట్టించేడు. కొబ్బరిచెట్టు మీంచి పడ్డానని నాచేతే వేలిముద్ర వేయించేరు. నాది కూడా రాయించాలండి."

జరిగి చోటిచ్చాం. అతను కూర్చునేలోపే బస్సులోంచి ఇంకో ముగ్గురు దిగారు.