మైబ్రిట్ ఇచ్చిన ఫోను

మైబ్రిట్ బంగాళాదుంపల చెక్కు తీస్తోంది. పెద్దవాళ్ల తోడు లేకుండా స్వీడన్ చేరిన పిల్లలను ఉంచే ఆ హోములో పంతొమ్మిదేళ్లుగా వంట ఆమెదే. ఉబ్బిన కీళ్లు, నీళ్లలో నాని తెల్లబడిన వేళ్లు. ఏడింటికి వస్తుంది, మూడింటికి బస్సెక్కి పోతుంది. సెలవు పెట్టిన రోజున తప్ప ఆమె ఎవరికీ గుర్తు రాదు.

పక్కన హియెన్ క్యారెట్లు తరుగుతోంది. వియత్నాం పిల్ల, పద్నాలుగేళ్లు. వచ్చి నాలుగు రోజులైంది.

"అంత సన్నగానా? కుందేళ్లకి పెడతావేంటే?"

పిల్ల నవ్వింది. వచ్చీరాని ఇంగ్లీషులో అడిగింది: "అమ్మమ్మా, ఒక్కసారి ఫోనివ్వవా? అమ్మతో మాట్లాడాలి."

మొదటి రెండు వారాలు ఫోను ఇవ్వకూడదు. పిల్లల్ని దొంగచాటుగా సరిహద్దులు దాటించేవాళ్లు ముందే ఒక నంబరు బట్టీ పట్టిస్తారనీ, దానికి ఫోను చేయకపోతే ఇంటి దగ్గర చెల్లెళ్లకు ముప్పని బెదిరిస్తారనీ వార్డెన్ ఇంగెమార్ చెవినిల్లు కట్టుకుని చెప్పాడు. ఇంటికి మాట్లాడాలంటే దుబాసీ పక్కనుండాలి. దుబాసీ వచ్చేది గురువారం. ఇవాళ సోమవారం. తల్లి గొంతు కోసం మూడు రోజులు ఆగమనడానికి మైబ్రిట్‌కు నోరు రాలేదు. రూల్సు రాసేవాళ్లకేం, రాస్తారు!

ఫోను ఇచ్చింది. ఒకరి మాటలు వినడం అక్కడ మర్యాద కాదు. అందుకని కుళాయి తిప్పి, అటు తిరిగి నిలబడింది. నిమిషం కూడా కాలేదు.

"ఏమందే మీ అమ్మ?"

"తిన్నావా అంది."

మైబ్రిట్ కళ్లు చెమర్చాయి.

మధ్యాహ్నం భోజనాల దగ్గర హియెన్ కుర్చీ ఖాళీగా ఉంది. ఇది జైలు కాదు కదా, పగలు తలుపులకు తాళాలుండవు. గేటు ముందు తెల్ల కారు ఆగడం ఎవరో చూశారట. ఇంగెమార్ పోలీసులకు చెప్పి వంటింట్లోకి వచ్చాడు.

"ఎవరైనా ఫోనిచ్చారా?"

"నేనే ఇచ్చా. వాళ్లమ్మతో మాట్లాడింది."

అతను ఆమె ఫోను తీసుకుని చూశాడు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"మైబ్రిట్, ఇది స్వీడన్ నంబరే."

"దొరుకుతుందిగా?"

ఈ చలికాలంలో ముగ్గురు పిల్లలు ఇలాగే మాయమయ్యారు. ఒక్కరూ దొరకలేదు. ఇంగెమార్ ఆ నంబరు కాగితం మీద రాసుకున్నాడు.

అయ్యో, నా చేత్తో నేనే అప్పగించానే అనుకుంది మైబ్రిట్. ఏడుపు కూడా రాలేదు. మూడింటికి కోటు తొడుక్కుని బయల్దేరింది. గుమ్మం పక్కన కొక్కేనికి, పొద్దున మంచులో ఆడొచ్చి హియెన్ ఆరేసిన ఎర్ర ఊలు చేతితొడుగులు ఇంకా తడిగానే ఉన్నాయి.