ముక్కు బావ వాసన పందెం

ఏమోయ్ అల్లుడూ! కథ అనగానే గోడకి చేరబడి కళ్ళు మూస్తున్నావేంటి? నీకు బుర్ర ఎక్కువని మీ అత్త ఊరికే పొగుడుతుంది కదా, అయితే ఒక పందెం. ఈ కథలో మోసం ఉంది. మోసపోయింది ఎవరో చివరికి రాకముందే చెప్పావా, నా చెవి కోసి నీ చేతిలో పెడతా. చెప్పలేకపోయావా, నీ చెవి నాకేం అక్కర్లేదు. దాన్ని ఇటు తిప్పి విను, చాలు.

అతన్ని వీధంతా ముక్కు బావ అనేది. ముక్కు పొడవని కాదు. ఎవరైనా పాడైన టీవీనో రేడియోనో తెస్తే, ముందు మూత విప్పి, లోపలి బోర్డుని మొహానికి దగ్గరగా తెచ్చుకుని, కళ్ళు మూసుకుని వాసన చూసేవాడు. మాడిన రెసిస్టర్‌ది కాలిన రంగు వాసన. ఉబ్బి కారిన కెపాసిటర్‌ది చేపల నీచు. ట్రాన్స్‌ఫార్మర్ లోపల తీగ మాడితే వార్నిష్ కమురు. "ఇదిగో, వీడే" అని వేలు పెట్టాడంటే, అక్కడ మసి కనబడకపోయినా జబ్బు అక్కడే. మీటరు లేక కాదు. మీటరు ఎక్కడ ఆనించాలో ముందు ముక్కు చెప్పేది.

పైగా మహా ఆకతాయి. బాగైన రేడియో మీద తెల్లగుడ్డ కప్పి, "దక్కలేదండీ, గుండె దిటవు చేసుకోండి" అని చేతిలో పెట్టేవాడు. వాళ్ళు బావురుమనేలోపే గుడ్డ కింద పాట మొదలయ్యేది. కొట్టు ముందు గదిలో, కాపురం వెనక గదుల్లో. బల్ల దగ్గర కూర్చునే, "ఏమే, అడుగంటింది, దించు!" అని వంటగదిలో ఉన్న పెళ్ళానికి కేకేసేవాడు. "ముక్కు ఇక్కడికి పంపి మీరక్కడ ఉన్నారా?" అని ఆవిడ అక్కణ్ణుంచే అంటించేది.

ఒక వానాకాలం జ్వరం వచ్చింది. ముందు ఆవిడకి, తర్వాత ఇతనికి. జ్వరం పోతూ పోతూ ఇతని ముక్కుని వెంట తీసుకుపోయింది.

పక్కనే రొట్టెల బట్టీ. పొద్దున షట్టరు ఎత్తగానే వెచ్చటి రొట్టె వాసన మొహాన కొట్టాలి. ఆరోజు గాలి వచ్చింది, గాలిలో ఏమీ లేదు. సోల్డరింగ్ ఇనుము వేడిచేసి, ఆ పొగని ముక్కు కింద పట్టుకున్నాడు. కళ్ళలోకి నీళ్ళు వచ్చాయి, వాసన రాలేదు. డాక్టరు, "రావచ్చు, రాకపోనూ వచ్చు" అన్నాడు. ఆ మాట చెప్పడానికి డాక్టరు ఎందుకు, నేనూ చెప్తా.

పెళ్ళాంతో సహా ఎవరికీ చెప్పలేదు. ఊరందరినీ ఆటపట్టించినవాడు ఊరికి ఆటబొమ్మ అవుతాడా? అందుకని ఒక ఎత్తు వేశాడు.

"ఏమే, ఇటురా. ఇన్నేళ్ళు నా పక్కన పొగ పీల్చావు కదా, ఎంత వంటబట్టిందో చూద్దాం. ఈ బోర్డు ఏ మూల మాడిందో వాసన చూసి చెప్పు, పందెం."

"మీ ముక్కు ముందు నాదీ ఒక ముక్కేనా?"

"నాకు తెలుసులేవే. ఇది నీకు పరీక్ష."

ఆవిడ బోర్డు ఎత్తి గట్టిగా పీల్చింది. ఒక్క క్షణం ఇతని వంక చూసింది. "ఇక్కడ" అని వేలు పెట్టింది.

"భేష్! నా పెళ్ళామనిపించావ్" అని ఇతను అక్కడే విప్పాడు.

అలా రోజూ పందెమే. కొన్ని బోర్డులు నిలబడ్డాయి. ఎక్కువ భాగం తిరిగొచ్చాయి. వచ్చినవాళ్ళు ముందు నవ్వారు, తర్వాత గొణిగారు, ఆ తర్వాత రావడమే మానేశారు. ఆవిడ ముక్కు తప్పు చెప్పదు కదా, మరి తప్పు ఎక్కడుంది? తన చేతుల్లోనే ఉండాలి. మధ్యాహ్నాలు ఖాళీ బల్ల ముందు కూర్చుని తన వేళ్ళని పరాయివాడి వేళ్ళు చూసినట్టు చూసుకునేవాడు. ముక్కు పోతే పోయింది, చేతులు కూడా పోయాయా? అన్నం గడ్డిలా ఉండేది. అయినా కంచం ముందు కూర్చోగానే, "ఆహా, ఘుమఘుమలు వీధి చివరిదాకా పోతున్నాయే!" అని కేకపెట్టేవాడు. దొరికిపోకూడదు కదా.

చివరికి మిగిలింది ఒక్క రొట్టెల మామ. ఆయన కరెంటు బట్టీని నడిపే బోర్డు అప్పటికే బాగై వెళ్ళి మళ్ళీ వచ్చింది.

"ఒరే ముక్కూ, పైన బొగ్గు, కింద పచ్చిపిండి. ఇలాంటి రొట్టె తినేవాడు ఇంకా పుట్టలేదురా. ఈసారి తిరిగొచ్చిందా, నిన్నే బట్టీలో పెడతా."

నవ్వుతూనే అన్నాడు. కానీ బోర్డు బల్ల మీద పెట్టాక దాని మీంచి చెయ్యి వెంటనే తియ్యలేదు. ఇంకొకడి దగ్గరికి తీసుకుపోనా అన్నట్టు ఆగింది ఆ చెయ్యి. ముక్కు బావకి అది చాలు. ఈ బోర్డు మళ్ళీ పోతే షట్టరు దించెయ్యడమే, ఇక ఎత్తేది లేదు అనుకున్నాడు.

బోర్డు మీద ఒక రెసిస్టర్ బొగ్గులా మాడి ఉంది. కిందటిసారి తను మార్చిందే. అసలు జబ్బు ఇది కాదేమోనని మనసు పీకింది. పెళ్ళాన్ని పిలిచి పందెం వేశాడు. ఆవిడ పీల్చింది, ఇతని వంక చూసింది, సరిగ్గా ఆ రెసిస్టర్ మీదే వేలు పెట్టింది.

హమ్మయ్య అనుకున్నాడు. దాని విలువ చెప్పే రంగు చారలు మాడిపోయాయి, కిందటిసారి ఎంతది వేశాడో గుర్తులేదు. బట్టీకి పై వేడి, కింది వేడి రెండూ ఉన్నాయి కాబట్టి బోర్డు మీద కవలల్లాంటి రెండు వరసలున్నాయి. బాగున్న కవల చారలు చదివి, అలాంటిదే తెచ్చి అతికించాడు. మాడినవాడు దొంగ కాదు, పక్కనే తెల్లచొక్కా వేసుకుని నిలబడ్డవాడే దొంగ అని పదిమందికి పాఠం చెప్పినవాడు, ఆరోజు పక్కనున్న ట్రాన్సిస్టర్‌ని మీటరుతో ఒక్క ముక్క అడగలేదు. ఆవిడ ముక్కు చెప్పింది, ఇంకేం కావాలి?

కరెంటు ఇచ్చి, బల్ల మీద నడవనిచ్చి, మధ్యగదిలోకి వచ్చి కూలబడ్డాడు. వంటగదిలో అన్నం ఉడుకుతోంది. రెండు వైపులా తెరలు వేసి ఉన్నాయి. ఆవిడ ఎదురుగా కూర్చుంది.

"ఈసారి నిలబడుతుందంటావా?" అన్నాడు.

"మీ చెయ్యి పడ్డాక నిలబడకేం?"

అంటూనే కళ్ళు తుడుచుకుంది. నాకోసం ఏడుస్తోంది పిచ్చిది అనుకున్నాడు. అతని కళ్ళు కూడా మండాయి. మాట మార్చాలని, "అన్నం వాసన అదిరిపోతోందే ఇవాళ!" అన్నాడు.

"అవునా? అయితే ఇంకాసేపు ఉండనిస్తా" అంది ఆవిడ.

అప్పుడే ఎదురు కొట్టు దర్జీ మెడలో టేపుతోనే దగ్గుతూ దూసుకొచ్చాడు.

"బావా! అక్కా! బతికున్నారా? ముందు బోర్డు కాలి కంపు, వెనక అన్నం మాడి కంపు! మధ్యలో మీరిద్దరూ ఫొటో దిగేవాళ్ళలా కూర్చున్నారేంటి? వీధంతా ముక్కు మూసుకుంది!"

ఇతను పరిగెత్తి ప్లగ్గు లాగాడు. కొత్త రెసిస్టర్ బొగ్గయింది. దాని కింద బోర్డుకే చిల్లుపడింది. ఇక అతకదు. వెనక ఆవిడ గిన్నె దించుతున్న చప్పుడు. దర్జీ ఇద్దరినీ మార్చి మార్చి చూసి, ఇక్కడ తన కత్తెరకి పని లేదని వెళ్ళిపోయాడు.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"నీకు... నీకూ రాలేదా వాసన?"

"మీకంటే ముందే పోయిందండీ. జ్వరం ముందు నాకే కదా వచ్చింది. మీకు చెప్తే కుంగిపోతారని చెప్పలేదు. మీరు ఆహా అంటే వంట కుదిరిందనుకునేదాన్ని. మీ ముక్కుతోనే వండా ఇన్నాళ్ళూ."

అతను షట్టరు వైపు చూశాడు. వీధిలో రొట్టెల మామ ఇటే నడిచి వస్తున్నాడు, బోర్డు కోసం.

"మరి ఈ బోర్డులన్నీ? ఇక్కడ, ఇక్కడ అని వేలు పెట్టావే, ఎలా పెట్టావే?"

ఆవిడ కొంగుతో మసిచేతులు తుడుచుకుంది.

"మీరే కదండీ, నాకు తెలుసు, ఇది నీకు పరీక్ష అన్నారు. తెలిసినవాడి కళ్ళు ఎటుపోతాయో చూసి, అక్కడే వేలు పెట్టా."