ఇరవై ఏడో టోకెన్

మూడో అంతస్తులో గుండె డాక్టర్ల గదుల ముందు నేలను రెండోసారి తుడుస్తోంది సక్కుబాయి. పొద్దుటి నుంచీ ఎడమ చెయ్యి లాగుతుంటే మాపు కర్రను కుడిచేతికి మార్చుకుంది. యాభై రెండేళ్ల సన్నటి మనిషి. ఫినాయిల్ నీళ్లకు వేళ్లు తెల్లబడి పగిలాయి. మాదాపూర్‌లోని ఆ పెద్ద ఆసుపత్రిలో తొమ్మిదేళ్లుగా ఆమెది అదే పని.

కౌంటర్‌లో అడగడానికి జంకేవాళ్లు ఆమెనే అడుగుతారు. ఆ రోజు యాదయ్య అనే ముసలాయన అడిగాడు.

"చెల్లె, ఆరు నూర్ల డాక్టర్ మంచోడా, వెయ్యి రూపాల డాక్టర్ మంచోడా?"

"అందరు వెయ్యి తీసుకునేటాయన దిక్కే ఉరుకుతరన్నా. ఎక్కువ తీసుకుంటే ఎక్కువ తెలుస్తదనుకుంటరు. ఇద్దరు పంపేది గా మూల గదికే."

ముసలాయన నవ్వి, ఆరు వందల వరుసలో కూర్చున్నాడు.

మూల గదిలో ఈసీజీ మిషన్ ఉంది. సక్కుబాయి రోజూ దాన్ని తుడిచి, పసుపు గుడ్డను వేరేవాళ్లు ఎత్తుకుపోకుండా మిషన్ బండి పిడికే ముడివేస్తుంది. ఆ రోజు ముడివేసి, మంచం అంచు పట్టుకుని ఆగిపోయింది. ఏసీ గదిలో ఆమె నుదుటి మీద చెమట చూసి నర్సు నవనీత దగ్గరికొచ్చింది.

"అక్కా, మంచమెక్కు. అయిదు నిమిషాల్ల ఈసీజీ తీస్త."

"బిల్లు పడతదా?"

"పడతది. స్టాఫ్‌కు సగమే."

"గా సగానికి భయం లేదు బిడ్డా, దానెనక వచ్చేటిదానికే భయం. ఈ మంచం మీద పండినోళ్లంత ఇంకో చీటీ పట్టుకొని కిందికి పోతరు. ఆడ ఇంకోటి రాస్తరు. రోజు నేను చూస్తలేనా?"

"ఈఎస్ఐ దవాఖానకన్న పో మరి."

"పోతే దినం కూలి పాయె. ఆదివారం మా గోపన్‌పల్లిల మీరే క్యాంపు పెడ్తున్రు గద. ఉత్తగనే చూస్తరు. గీ మిషనే వస్తది, నువ్వే వస్తవు. టోకెన్ గూడ తెచ్చుకున్న, ఇరవై ఏడు. మూడు దినాలే."

"మొండిదానివక్కా నువ్వు."

"మొండిదాన్ని గాకుంటే తొమ్మిదేండ్ల సంది మీ చెప్పుల మరకలు తుడుస్తనా?"

ఇంతలో డాక్టర్ పిలవడంతో నవనీత లోపలికి వెళ్లిపోయింది.

రెండు గంటలకు డ్యూటీ దిగి, సక్కుబాయి కింద సామాన్ల గదిలో స్టూలు మీద కూర్చుంది. ఒక చెప్పు తొడుక్కుంది. రెండోది తొడుక్కోలేదు. సూపర్‌వైజర్ సురేంద్ర వచ్చేసరికి గోడకు ఒరిగి ఉంది. ఎమర్జెన్సీకి మోసుకెళ్లారు. అక్కడ బిల్లు మాట లేకుండానే ఈసీజీ తీశారు. కాగితం మీద ఎగుడుదిగుడు లేని తిన్నటి గీత వచ్చింది.

ఆదివారం గోపన్‌పల్లి బడి ఆవరణలో షామియానా వేశారు. మైకులో "ఇరవై ఏడు" అని రెండుసార్లు పిలిచి, కాసేపు ఆగి, "ఇరవై ఎనిమిది" అన్నారు. నవనీత తలెత్తలేదు. వ్యాన్‌లోంచి దించిన మిషన్ బండి పిడికి, ఎండి గట్టిపడిన పసుపు గుడ్డ, వేసిన ముడి వేసినట్టే ఉంది.