గోపయ్య తప్పు చెప్పిన రోజు

జోగారావు మాస్టారికి తప్పు వినిపిస్తే ఊరుకోవడం చేతకాదు. పెళ్లికి పిలిస్తే, శుభలేఖలో దొర్లిన తప్పు పెళ్లికొడుకు తండ్రికి చూపించాకే భోజనానికి కూర్చునే రకం. అలాంటి మనిషికి పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. మూడు నెలలైంది. కాలూ చేయీ కాస్త కదులుతున్నాయి గానీ, నోట్లోంచి ఒక్క ముక్క లేదు.

ఇది గోపయ్యకు మింగుడుపడటం లేదు. ముప్పై ఏళ్లు ఆర్టీసీ బస్సు నడిపి రిటైరైన నల్లగొండ మనిషి ఆయన. మాస్టారేమో గోదావరి వైపు నుంచి వచ్చి, ఇక్కడి కాలేజీలో ఇంగ్లీషు చెప్పినాయన. ఆరేళ్లపాటు ఇద్దరూ పొద్దున్నే సరూర్‌నగర్ చెరువుగట్టు మీద నడిచేవారు. మాస్టారు రోజుకో ఇంగ్లీషు మాట పుట్టుపూర్వోత్తరాలు చెప్పాలి, మర్నాడు గోపయ్య అప్పజెప్పాలి. తప్పితే ఇంకో రౌండు నడవాలి. అలా గోపయ్య నడిచిన రౌండ్లన్నీ కలిపితే విజయవాడ దాకా వెళ్లి రావచ్చు.

తెలిసినవాళ్లు మాట్లాడిస్తూ ఉండాలని డాక్టరు అన్న దగ్గర్నుంచి, గోపయ్య రోజూ కర్మన్‌ఘాట్‌లోని మాస్టారింటికి వచ్చి పాత మాటలు అప్పజెబుతున్నాడు. నోటుబుక్కు చూసి, ఒక్క తప్పు లేకుండా. మాస్టారు మాత్రం కిటికీలోంచి బయటికి చూస్తూ పడుకుంటారు.

ఆ రోజు మాస్టారి భార్య వేదవతి కాఫీ ఇస్తూ, "ఇంక మాట రావడం కష్టమేనన్నారండీ అన్నయ్యగారూ, నిన్న డాక్టరుగారు," అంది గొంతు తగ్గించి.

గోపయ్యకు కళ్లనిండా నీళ్లు తిరిగాయి. నోటుబుక్కులో అక్షరం కనిపిస్తే ఒట్టు. నోటికొచ్చింది చెప్పేశాడు.

"ఇయ్యాల 'ప్యాల్' అనే మాట సార్. ఇంగ్లీషోళ్లు దోస్తును ముద్దుగ గట్ల పిలుస్తరు. గిది ఫ్రాన్సు రాజులు పుట్టించిన మాట."

మంచం కిర్రుమంది. మాస్టారి ముఖం ఎర్రబడింది.

"కా...దు."

వేదవతి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. గోపయ్య నోటుబుక్కు మూసేశాడు. ముప్పై ఏళ్లు స్టీరింగు పట్టిన మనిషి, దారి కనిపించాక బండి ఆపుతాడా? కావాలనే మొండికేశాడు.

"ఎట్ల కాదు సార్? మీరే చెప్పిండ్రు గద. ఫ్రాన్సు రాజులే!"

"రో...మా...నీ!"

అవును, రోమానీ సంచారులు. వందల ఏళ్ల కిందట మన దేశం నుంచే కదిలి, మూటాముల్లెతో పాటు మన 'భ్రాత'నీ వెంట తీసుకుపోయారనీ, దేశదేశాలు తిరిగి అది ఇంగ్లండులో 'ప్యాల్' అయి కూర్చుందనీ మాస్టారు గట్టు మీద చెప్పిన ముచ్చటంతా గోపయ్యకు గుర్తొచ్చింది. అయినా ఒప్పుకోలేదు.

"సరే, గట్లనే అనుకుందాం. మరి దాని అసలు అర్థమేంది? చుట్టమా? పక్కింటోడా?"

మాస్టారు విసుక్కున్నారు. ఎడమచేయి కష్టంగా లేపి గోపయ్య మోకాలి మీద వేశారు. ఆరేళ్లలో 'ఏవయ్యా గోపయ్యా' అని తప్ప మరోలా పిలిచిన మనిషి కాదు.

"త...మ్ముడు," అన్నారు.

గోపయ్య ఆ చేతిని రెండు చేతులతో పట్టుకున్నాడు.

"తప్పు చెప్పిన సార్," అన్నాడు. "ఇంకో రౌండు నడుస్త. గాని మీరు గూడ రావాలె."