వాడుతున్న మందులు: ఏవీ లేవు

ఆవిడ ఒక దుకాణంలో బట్టలు కుడుతుంది. అక్కడ బట్టలు వేసి చూసుకునే గదిలోకి దూరి, గడియ పెట్టుకుని ఫోను తీసింది. రాత్రి కండోమ్ చిరిగింది. పిల్లకింకా ఎనిమిది నెలలే, ఇప్పుడు ఇంకో కాన్పంటే తన వల్ల కాదు. ఆన్‌లైన్‌ ఆరోగ్య సేవలో అడిగితే, గర్భం రాకుండా ఆపే మాత్ర సాయంత్రానికల్లా ఇంటికే పంపుతారట. ఫారమంతా చకచకా నింపింది కానీ ఒక్క ప్రశ్న దగ్గర వేలు ఆగింది. వాడుతున్న మందులు? ‘ఏవీ లేవు’ అని నొక్కేసింది.

పచ్చి అబద్ధం. పెళ్ళికి ముందునుంచీ మూర్ఛకి రోజూ రెండు మాత్రలు మింగుతోంది. "మూడో కంటికి తెలియనివ్వకు" అని తల్లి ఒట్టు పెట్టించుకుంది. ఆ లెక్కన కట్టుకున్నవాడిదీ మూడో కన్నే అయింది. వైద్యుడి దగ్గర దాచకూడదని అందరికీ తెలుసు. కానీ ఏళ్ళ తరబడి దాచిన నోటికి నిజం అంత తేలిగ్గా వస్తుందా?

కాసేపటికి ఆ సేవ తరఫున మందులు చూసే ఫార్మసిస్టు మెసేజ్ పెట్టింది. "అమ్మా, పంపేముందు అందర్నీ ఇంకోసారి అడుగుతాను. క్షయకో మూర్ఛకో మందులేమైనా వాడుతున్నారా? కొన్నిటితో ఈ మాత్ర సరిగ్గా పనిచెయ్యదు."

ఆవిడ ఆ మెసేజ్ రెండుసార్లు చదువుకుంది. మూర్ఛ మందు పేరు రాసింది. కింద, "మా ఇంట్లో తెలీదు" అని కూడా రాసింది.

"నా నోట బయటికి రాదు. చెప్పి చాలా మంచిపని చేశారు. మీకు కాపర్‌-టీ నయం, అయిదు రోజుల్లోపు వేయించుకుంటే గర్భం రాదు, మీ మందులతో దానికి పేచీ లేదు. రేపు పొద్దున్నే క్లినిక్‌లో చూసేలా ఏర్పాటు చేస్తాను. మూర్ఛ మాత్రలు మాత్రం ఆపకండి."

ఆవిడ ప్రాణం కుదుటపడింది. అయితే క్లినిక్‌కి వెళ్తే పిల్లని ఎవరు ఎత్తుకోవాలి? ఎందుకు వెళ్తున్నావని కట్టుకున్నవాడు అడక్కుండా ఉంటాడా? సాయంత్రం బస్సు డ్యూటీ దిగి వచ్చిన మొగుడికి గుక్క తిప్పుకోకుండా అంతా చెప్పేసింది.

అతని మొహం కందగడ్డయింది. "మూడేళ్ళుగా పక్కనే పడుకుంటున్నాను. నీకు ఫిట్స్ వస్తే ఏం చెయ్యాలో కూడా తెలీకుండా పడుకున్నానా నేను?"

ఆవిడ ఏడ్చేసింది. అతను పిల్లని భుజాన వేసుకుని దగ్గరికి జరిగాడు. "రేపు సెలవు పెడతాను, ముగ్గురం వెళ్దాం. ముందు ఇది చెప్పు. వస్తే నేనేం చెయ్యాలి?"

"పక్కకి తిప్పి పడుకోబెట్టాలి," అంది ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ. "నోట్లో ఏమీ పెట్టకూడదు. తగ్గేదాకా నా దగ్గరే ఉండాలి."