ఐదూ పదికి వచ్చే ఎండ

నాగమల్లేశ్వరి తొమ్మిదేళ్ళుగా తన నీడలోనే కూరగాయలు తరుగుతోంది.

సింగపూర్లో జురాంగ్ వెస్ట్‌లో పదకొండో అంతస్తు ఫ్లాటు. వంటగదిలో ఒక్కటే ట్యూబులైటు, అదీ వీపు వెనక. గట్టు ముందు నిలబడితే తన తలే తరిగే చెక్క మీద నల్లగా పడుతుంది. ఎడమచేతి చూపుడువేలు మీద మూడు గాట్లున్నాయి. గట్టు పైన చిన్న లైటొకటి పెట్టించమని ఇల్లు కొన్న నెలలోనే అడిగింది. "ఇన్నేళ్ళ నుంచి తరుగుతున్నావ్, ఇంకా చూసి తరగాలా?" అన్నాడు మొగుడు శశికాంత్. బ్యాంకులో సాఫ్ట్‌వేరు ఉద్యోగం ఆయనది. హాల్లో టీవీ చుట్టూ మాత్రం రంగులు మారే లైట్లు పెట్టించుకున్నాడు. అత్తగారు సరోజిని తెనాలి నుంచి వచ్చి మూణ్ణెల్లుండి, వెళ్తూ వెళ్తూ, "మేం కిరసనాయిలు బుడ్డి దగ్గర యాభైమందికి వండాం. నీకు సింగపూర్లో వెలుగు చాల్లేదా తల్లీ?" అని నవ్వింది. ఆ నవ్వు గట్టు మీద నూనె జిడ్డులా ఉండిపోయింది. తుడిచినకొద్దీ పేరుకుంటుంది.

లైటు రాదని తేలాక ఆమె ఎండని పట్టుకుంది. తొమ్మిదింటికి ఎదుటి బ్లాకు నెత్తి మీదుగా దిగుతుంది. సన్నపని అంతా అప్పుడే. గోంగూర ఏరడం, చేప ముళ్ళు తీయడం. పదకొండుకి పోతుంది. ఆ తర్వాతంతా బూడిదరంగు. మళ్ళీ ఐదూ పదికి, పడమటి సూర్యుడు ఎదుటి బ్లాకు కిటికీ అద్దాలకి కొట్టుకుని వెనక్కి తిరిగి, ఈ తూర్పు కిటికీలోంచి లోపలికొస్తాడు. పన్నెండు నిమిషాలు. ముందు పోపులడబ్బా మూత మీద, తర్వాత గోడ మీద, చివరికి సరిగ్గా ఆమె చేతుల మీద. నెలలు మారేకొద్దీ జానెడు ఇటూ అటూ జరుగుతుంది. ఇదంతా ఆమెకి తెలుసని ఇంట్లో ఎవరికీ తెలీదు. అడిగితే కదా.

అడిగినవాడు ఇటలీ నుంచి వచ్చాడు.

ఎట్టోరె అని, డెబ్బై నాలుగేళ్ళ మనిషి. నలభై ఎనిమిదేళ్ళుగా సినిమాలకి కెమెరా పనిచేస్తున్నాడు. సింగపూర్లో తీసే ఓ సినిమాకి మామూలు వంటగది కావాలని పాతిక ఇళ్ళు తిరిగి వీళ్ళది పట్టాడు. శశికాంత్ కాళ్ళు నేల మీద ఆనలేదు. ఆయన చరిత్రంతా ఫోన్లో చదివి భోజనాల బల్ల దగ్గర అప్పజెప్పాడు. రోములో పదేళ్ళు కెమెరా పెట్టెలు మోశాడట. లైట్లు తనే పెట్టినా పేరు ఇంకొకడిదట. ముప్పై ఆరో ఏట మొదటిసారి తెర మీద పేరు పడిందట. అక్కణ్ణించి అరవై సినిమాలు, అల్మారా నిండా బహుమతులు. "పదేళ్ళు పేరు లేకుండా పనిచేశాడే! తపస్సు కాదూ అది?" అన్నాడు. నాగమల్లేశ్వరి చారు పోస్తోంది. తనది పద్దెనిమిదేళ్ళు. దాన్ని ఎవరూ తపస్సనలేదు. సంసారం అన్నారు.

ఎట్టోరెకి ఒక అలవాటు. ఏ గదిలోనైనా లైట్లు దించేముందు ఒక రోజంతా ఊరికే కూర్చుంటాడు. ఆ రోజు స్టూలు మీద కూర్చుని, ఇక్కడికి వెలుగు ఎప్పుడు, ఎటునుంచి వస్తుందని శశికాంత్‌ని అడిగాడు.

"మార్నింగ్ బాగుంటుంది సర్. వెరీ బ్రైట్," అన్నాడు శశికాంత్, ఆ గదిలో ఐదు నిమిషాలు వరసగా నిలబడి ఎరగని మనిషి.

ముసలాయన ఆమె వైపు తిరిగాడు. ఆమె చెప్పింది. తొమ్మిది, పదకొండు, ఐదూ పది, పన్నెండు నిమిషాలు, పోపులడబ్బా, గోడ, చేతులు. ఆయన నోటుబుక్కులో రాసుకున్నాడు, బొమ్మ గీసుకున్నాడు. చెప్తుంటే ఆమె గొంతు తనకే కొత్తగా వినిపించింది. ఐదూ పదికి ఎండ వచ్చి ఆమె చెప్పినచోటే నిలబడ్డప్పుడు ఆయన టోపీ తీశాడు. తన తల్లి కుట్టుపని చేసేదనీ, దీపం దండగని ఎండ ఎటు జరిగితే అటు కుర్చీ జరుపుకునేదనీ చెప్పాడు. "నాకు వెలుగు నేర్పింది ఆ కుర్చీయే" అన్నాడు. ఆ రాత్రి ఆమె గిన్నెలు తోముతూ తనలో తనే నవ్వుకుంది.

షూటింగు రోజు గుమ్మం బయట ఇరవై జతల చెప్పులు. సాయంత్రం ఐదింటికి హాల్లో ఎవరో టీవీ వాళ్ళు ఆయన్ని ప్రశ్నలడుగుతున్నారు. నాగమల్లేశ్వరి కాఫీలు తీసుకుని వచ్చింది.

"ఈ వంటగదిలో నేనొక వెలుగు కనిపెట్టాను," అంటున్నాడు ఎట్టోరె. "ఎదుటి అద్దం మీంచి తిరిగొస్తుంది. పన్నెండే నిమిషాలు. మామూలు కళ్ళకి ఆనదు. నలభై ఎనిమిదేళ్ళ అనుభవం కావాలి."

శశికాంత్ చప్పట్లు కొట్టాడు. "గ్రేట్ ఐ సర్! మా మిసెస్‌కి వంట తప్ప ఏం తెలీదు. మీరొచ్చాకే మా కిచెన్‌కి వెలుగొచ్చింది."

ఏళ్ళ తరబడి కోసుకున్న వేళ్ళతో నేర్చుకున్నదాన్ని ఒకడు జేబులో వేసుకున్నాడు, ఇంకొకడు చప్పట్లు కొట్టాడు. ట్రే బల్ల మీద పెట్టింది.

"సర్, మీ అమ్మగారి పేరేంటి?"

ఆయన తలెత్తాడు. ఎవరూ ఎన్నడూ అడగని ప్రశ్నలా ఉంది. "ఇనేస్."

"అరవై సినిమాల్లో ఆ పేరు ఎక్కడైనా పడిందా?"

శశికాంత్ తెలుగులోకి దిగాడు. "ఏమే, మతి పోయిందా? ఆయనెవరనుకున్నావ్? లోపలికెళ్ళు."

లోపలికే వెళ్ళింది. వెనకాలే షూటింగు ఒప్పందం కాగితాలు పట్టుకుని యూనిట్లోని ఒక చీనా అమ్మాయి పరుగెత్తుకొచ్చి సింగపూర్ ఇంగ్లీషులో అంది. "ఆంటీ, సైన్ హియర్ కెన్? లైట్ కమింగ్ ఆల్రెడీ లా." ఇల్లు ఇద్దరి పేరునా ఉంది. ఇద్దరి సంతకాలూ పడితే తప్ప కెమెరా తిరగదు. శశికాంత్ ఎప్పుడో పెట్టేశాడు.

"చదివి పెడతాను," అంది నాగమల్లేశ్వరి. కాగితాన్ని చెక్క మీద పరిచింది. దాని మీద ఆమె నీడ పడింది. "కనపట్టంలేదు."

"ట్యూబులైటుందిగా!" అన్నాడు శశికాంత్.

"వీపు వెనక ఉందండీ. తొమ్మిదేళ్ళ నుంచీ అక్కడే ఉంది."

ఐదూ పది. పోపులడబ్బా మూత మెరిసింది. కెమెరా పక్కన ఎట్టోరె నిలబడ్డాడు. ఆయన చూపు గడియారం మీదా, గోడ మీదా. "మేడమ్, ప్లీజ్," అన్నాడు. శశికాంత్ పళ్ళ మధ్య నుంచి, "పరువు తీయకే, సంతకం పెట్టు," అన్నాడు. ఎండ గోడ మీంచి జారి ఆమె చేతుల మీదికొచ్చింది. కాగితం ఇప్పుడు స్పష్టంగా కనిపిస్తోంది. అందులో ఎట్టోరె పేరుంది, శశికాంత్ పేరుంది. తన పేరుండాల్సిన చోట చుక్కలున్నాయి.

ఆమె కాగితాన్ని మడిచి పక్కన పెట్టింది. బెండకాయలు తీసుకుని, కత్తి తీసుకుని, ఆ వెలుగులో ఒక్కొక్కటే తరిగింది. ఇరవైమంది నిలబడి చూశారు. ముక్కలన్నీ ఒకే కొలతన పడ్డాయి. పన్నెండు నిమిషాలయ్యాక ఎండ వెళ్ళిపోయింది.

"రేపు మళ్ళీ ఐదూ పదికొస్తుంది," అంది ఎట్టోరెతో, కత్తి కడుగుతూ. "ఈ వెలుగు ఎవరు చూపించారో కాగితంలో పేరు రాసుకుని రండి. అప్పుడు చదువుతాను."